వేయించిన కాఫీ గింజలు: చేటలో కనిపించు దోషములు

మన యిండ్లలో చేట కెక్కకుండ పొయ్యి మీది కెక్కు గింజ యేదియు లేదు. బియ్యములో వడ్లగింజ, కందిపప్పులో పుచ్చు, జొన్నలలో మట్టిబెడ్డ, పల్లీలలో బూజుపట్టిన పలుకు, ఇవి కంటబడిన మాత్రమున వ్రేలితో తీసి అవతల వేయుట మన స్త్రీలకు ఎవరును పాఠముగా చెప్పిన విద్య కాదు. పాలమూరు, నల్లగొండ పల్లెలలో పెరిగిన బాలిక అమ్మమ్మ ప్రక్కన కూర్చుండియే ఈ పని సగము నేర్చుకొనును. అట్టి యింటిలో దినమునకు రెండుమారులు త్రాగు కాఫీ మాత్రము ఏ పరీక్షయు లేక నేరుగా ఫిల్టరులోనికి పోవుచున్నది. కారణము స్పష్టమే. అది మన యింటికి పొడిగా వచ్చుచున్నది. పొడియైన పిమ్మట పుచ్చుగింజయు, మంచిగింజయు, మాడినదియు, వేగనిదియు ఒకే రంగున కలిసిపోవును. ఇక చూచుట కేమి మిగిలినది?

ఇప్పుడు కాఫీని గింజగా కొనుట మునుపటివలె కష్టము కాదు. హైదరాబాదులో గింజలను వేయించి అమ్ము అంగళ్లు అనేకము కలవు. కోరిన యింటికి పంపువారును కలరు. చిన్న మరయో, మసాలాలు పట్టు మిక్సీయో ఉన్న యింటిలో గింజను పొడిచేసికొనుట పెద్ద పని కాదు. కావున కాఫీ గింజను మన చేటలోనికి తెచ్చుకొని, దానిలో నేమి చూడవలెనో, చూచిన దానికి అర్థమేమో ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

మన వైపున ఈ పంట లేదు. నల్లగొండకు నీలగిరి యను పూర్వనామము కలదు గాని, కాఫీకి పేరుపడిన నీలగిరులు తమిళదేశమున నున్నవి. మన నీలగిరిలో పండునవి ఆముదములు, ప్రత్తి, కందులు, నీరున్నచోట వరియును. 2016లో జిల్లాలు విభజింపబడి సూర్యాపేట, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలైనను ఈ మెట్టభూములన్నిటి స్వభావ మొక్కటియే: తక్కువ వాన, 40 డిగ్రీలు దాటు వేసవి. కాఫీచెట్టుకు చల్లని కొండ, పెద్దచెట్ల నీడ, సమృద్ధియైన వాన కావలెను. తెలుగునాట అట్టి చోటు తూర్పుకనుమలలో నున్నది. అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతములు, అనగా 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాగా నేర్పడిన మన్యము, తెలుగువారి కాఫీసీమ. అచ్చట గిరిజన కుటుంబములు చిన్నచిన్న తోటలలో సిల్వర్ఓక్ చెట్ల నీడను కాఫీ పెంచుచు, ఆ చెట్లకే మిరియపు తీగలు ప్రాకింతురు. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక సూచిక యను గుర్తింపు లభించినది. 2017లో అరకు పేరుతోనే పారిస్ నగరమున ఒక కాఫీ అంగడి తెరువబడినది. 1956లో నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థ వారును ఈ కాఫీని కొని అమ్ముచున్నారు. మన చేటలోనికి వచ్చు గింజ అచ్చటిదో, చిక్కమగళూరు, కొడగు సీమలదో అయియుండును.

వేయించిన గింజలో కనిపించు దోషములలో సగమునకు పైగా వేయించినవాని దోషములు కావు. అవి చెట్టు మీదనో, కాయ కోయునప్పుడో, ఆరబెట్టునప్పుడో పుట్టినవి. నిప్పు వానిని బయట పెట్టును, అంతే. కావున గింజ పుట్టుక కొంచెము తెలిసియుండుట మంచిది.

కాఫీకాయ రేగుపండు వంటిది. పండినప్పుడు ఎఱ్ఱనగును. లోపల రెండు గింజలు, ఒకదాని చదునైన ముఖము మరియొకదాని ముఖమునకు ఆనుకొని యుండును. అందువలననే కాఫీగింజకు ఒకవైపు వీపు గుండ్రము, ఒకవైపు చదును, చదునైన ముఖముపై నడుమ గీత. ఒక్క కొమ్మపై కాయలన్నియు ఒక్కమారు పండవు. పండు ప్రక్కనే పసుపుకాయ, దాని ప్రక్కనే పచ్చికాయ యుండును. ఇంచుమించు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అదే చెట్టు వద్దకు మూడు నాలుగుమారులు పోయి ఎఱ్ఱనివానిని మాత్రమే ఏరి కోయవలెను. ఈ పని చేయువారిలో స్త్రీలే హెచ్చు. కోసిన పండ్లను నీటిలో వేసి, తేలిన తాలుకాయలను తీసివేసి, తోలు ఒలిచి, జిగురు కడిగి, ఎండలో ఆరబెట్టుదురు. తరువాత గింజలను శుభ్రపరచు కార్ఖానాలలో పరిమాణమును బట్టి జల్లెడ పట్టి, చెడ్డవానిని ఏరుదురు. మంగుళూరు, చిక్కమగళూరు వైపు కార్ఖానాలలో ఈ ఏరుడు పనిని తరతరములుగా స్త్రీలే చేసిరి. దానిని గార్బ్లింగు అందురు. రంగును బట్టి గింజను వేరుచేయు యంత్రములు వచ్చినప్పటి నుండి ఆ పని చాల తగ్గినది. మన యింటి చేటకును ఆ కార్ఖానా బల్లకును ఉన్న భేదము చోటు మాత్రమే యని మా యభిప్రాయము.

ఇక నిప్పు సంగతి. పచ్చి కాఫీగింజ బూడిదకలసిన ఆకుపచ్చరంగున, గట్టిగా, వాసన లేక యుండును. వేడి తగిలినకొలది అది పసుపై, గోధుమరంగై, సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని సమీపించునప్పుడు చిటపటమని ప్రేలును. తొలి ఏకాదశికి మంగలములో జొన్నపేలాలు వేయించిన వారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. లోపలి తేమ ఆవిరియై గింజను ఉబ్బించి పగుల్చును. భేదమేమనగా, జొన్న పూవువలె విచ్చును. కాఫీ ఉబ్బును గాని విచ్చదు. 100 గ్రాముల పచ్చిగింజ మధ్యరకముగా వేగునప్పటికి ఇంచుమించు 85 గ్రాములగును. బరువు తగ్గును, పరిమాణము పెరుగును. ఇంకను వేడిచేసినచో రెండవమారు సన్నని చిటపట వినబడును, గింజ నల్లబడును, లోపలి నూనె పైకి వచ్చును. సరిగా వేగిన గింజ నిండుగా ఉబ్బి, వీపున ముడుతలు పోయి నునుపై, అన్ని వైపుల ఒకే రంగున నుండును. వ్రేళ్ల నడుమ నొక్కిన గట్టిగా పట్టక చిట్లును.

చూచు విధానమిది. 100 గ్రాములు తూచి తీసికొనవలెను. అందు ఇంచుమించు ఏడెనిమిదివందల గింజలుండును. వానిని తెల్లని కాగితముపైగాని, స్టీలు తాంబాళములోగాని ఒకదానిపై నొకటి పడకుండ పరువవలెను. చేట మన చేతికి అలవాటైనను దాని రంగు కాఫీరంగునకు దగ్గర. అందుచే చేటలో తెల్లని గుడ్డ పరచుకొనుట మేలు. పగటి వెలుతురు కావలెను. పసుపుదీపము క్రింద పాలిపోయిన గింజ దొరకదు. మొదట చేయి పెట్టక, దూరముగా నిలిచి మొత్తము రంగును చూడవలెను. తరువాత కూర్చుండి ఒక్కొక్క రకమును వేరుకుప్పగా తీయవలెను. ఇది పది నిమిషముల పని.

మొదట కంటబడునవి పాలిపోయిన గింజలు. చుట్టునున్నవి ముదురు గోధుమరంగున నుండగా, ఇవి వేయించిన పల్లీపలుకు రంగున, కొన్ని యించుమించు పసుపురంగున నుండును. వీనిని వర్తకులు క్వేకర్లు అందురు. ఇవి వేగకపోవుటకు నిప్పు చాలకపోవుట కారణము కాదు. ప్రక్కగింజకు తగిలిన వేడియే వీనికిని తగిలినది. పచ్చికాయను కోసినందున ఆ గింజలో చక్కెరయు, వేడికి రంగు తెచ్చు ఇతర పదార్థములును నిండలేదు. లోపల లేని దానిని నిప్పు ఎక్కడినుండి తెచ్చును? ఎరువుగాని నీరుగాని చాలని చెట్టు కాయలును ఒక్కొక్కప్పుడు ఇట్లే యగును. ఒక పాలిపోయిన గింజను కొరికి చూచినచో సంగతి తెలియును. కాఫీ తీపియు, సువాసనయు లేక, ఎండిన పల్లీపొట్టును, కాగితమును నమిలినట్లుండును. ఇట్టివి కొన్ని పడినను డికాక్షన్ రుచి చదునై, గొంతులో వగరు మిగులును.

ఈ గింజలలో చెప్పుకొనదగిన విశేష మొకటి యున్నది. పచ్చిగా నున్నప్పుడు వీనిని కనిపెట్టుట కడు కష్టము. పచ్చిగింజలలో కొంచెము చిన్నవై, పొర అంటిపెట్టుకొనియున్న వానిని నేర్పరులు కొందరు అనుమానింతురు గాని, పెక్కు గింజలు ఎంతటి కంటిని అయినను మోసగించును. నిప్పు తగిలిన తరువాతనే గుట్టు బయటపడును. కావున ఈ దోషమును ఏరవలసిన కడపటి వ్యక్తి వేయించువాడు. వాడు ఏరనిచో మనము. ఉత్తమ కాఫీకి ప్రమాణములు నిర్ణయించు స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ వారు చిరకాలము పాటించిన పద్ధతిలో, వేయించిన 100 గ్రాములలో ఇట్టి గింజ ఒక్కటియు నుండరాదు. సామాన్యపు ధరకు కొన్న గింజలలో రెండు మూడు కనిపించిన ఆశ్చర్యపడ నక్కరలేదు. గుప్పెడు కనిపించినచో, ఆ తోటలో ఎఱ్ఱకాయ, పచ్చికాయ భేదము లేక కొమ్మను దూసి కోసిరని తెలిసికొనవచ్చును.

కోసిన స్త్రీని ఇందుకు నిందించుట న్యాయము కాదు. ఎఱ్ఱనికాయనే ఏరి కోయుటకు నాలుగు దినములు పట్టు చోట, కొమ్మను దూసిన ఒక దినమున ముగియును. పండుకాయకును పచ్చికాయకును ఒకే ధర యిచ్చు వర్తకుడు వచ్చినప్పుడు ఏ యిల్లాలు నాలుగుమారులు కొండ యెక్కును? పండినదానికి వేరుధర యిచ్చిన చోట్ల మాత్రమే ఏరుడు నిలుచును. మన ప్రత్తి ఏరువారికి కూలి లెక్క యెట్లో అచ్చటను అట్లే. కాబట్టి చేటలోని పాలిపోయిన గింజ ఒక కొండవాలున ఇచ్చిన ధరను గూర్చి కూడ మనకు చెప్పుచున్నది.

రెండవ కుప్ప నల్లగింజలది. ముదురుగా వేయించిన నలుపు వేరు, ఈ నలుపు వేరు. ఇది కాంతిలేని బొగ్గునలుపు; గింజ ముడుచుకొని, ప్రక్కవానికంటె చిన్నదై, నడుమగీత విప్పారియుండును. చెట్టు క్రింద రాలి కుళ్లిన కాయలనుండి, చీడతగిలిన కాయలనుండి ఇట్టివి వచ్చును. పచ్చిగింజలుగా నున్నప్పుడే వీనిని ఏరవలెను. అదే సంఘమువారి పాత పట్టికలో పూర్తిగా నల్లనైన ఒక్క గింజయే ఒక పూర్తి దోషముగా లెక్క. పులిసిన గింజలును అంతే. పండ్లను తోలు ఒలువక కుప్పగా పోసి యుంచినచో, లేక ఒలిచిన గింజలు నీటితొట్టిలో హెచ్చుకాలము నానినచో లోపల పులిసిపోవును. వేయించిన పిమ్మట ఇవి రంగులో హెచ్చు భేదము చూపవు. రెండుగా విరిచి ముక్కువద్ద పెట్టిన పులిసిన గంజివాసనయో, కుళ్లిన ఉల్లివాసనయో కొట్టును. అట్టి గింజ ఒక్కటి పడినను ఫిల్టరు మొత్తమును చెఱచగలదు.

పుచ్చుగింజ మనకు తెలిసిన చుట్టమే. సూదితో పొడిచినట్లు గుండ్రని చిన్న రంధ్రము, దాని చుట్టు నల్లని యంచు. ఇది కాఫీకాయ తొలుచు పురుగు పని. నువ్వుగింజకంటె చిన్నదైన ఈ నల్లపురుగు కాయలో దూరి, గింజలో సొరంగము త్రవ్వి, అందే గ్రుడ్లు పెట్టును. భారతదేశమున ఇది 1990లో నీలగిరుల గూడలూరు వద్ద మొదటిసారి కనబడినది. 2025లో అరకు వైపు తోటలలోను బయటపడినది. పై పట్టికలో మిక్కిలి తొలువబడినవి ఐదు కలిసి ఒక దోషము. కొంచెముగా తొలువబడినవి పది కలిసి ఒక దోషము. ఒక రంధ్రమున్న గింజ రుచిని హెచ్చుగా చెఱపదు గాని, ఆ రంధ్రమున తేమయు బూజును చేరును. గింజను విరిచినప్పుడు లోపల బూడిదరంగు పొడి కనిపించిన నిర్దాక్షిణ్యముగా తీసివేయవలెను.

బూజును గూర్చి రెండు మాటలు విడిగా చెప్పవలెను. పల్లీల బూజులో పుట్టు విషమును గూర్చి పాలమూరు వారు వినియే యుందురు. దానిని అఫ్లాటాక్సిన్ అందురు. కాఫీలో, సరిగా ఆరని గింజలపై పెరుగు బూజు ఓక్రాటాక్సిన్ అను మరియొక విషమును పుట్టించును. అది మూత్రపిండములకు హాని. వేపుటలోని వేడికి ఇది కొంత నశించును గాని అంతయు నశింపదు. అనేక దేశములలో కాఫీలో ఇది ఇంతకు మించరాదని చట్టములు కలవు. వేయించిన గింజపై బూజుమచ్చ చూచుట అరుదు, వేడికి అది చెరగిపోవును. కనుక ఇచ్చట కంటికంటె ముక్కును నమ్మవలెను. సంచి విప్పగానే మూసిన గది వాసనయో, తడిసిన గోనె వాసనయో వచ్చినచో ఆ గింజలను తిరిగి యిచ్చివేయుటయే మంచిది. డబ్బు పోయినను త్రాగరాదు.

ఇంతవరకు తోటనుండి వచ్చిన దోషములు. నిప్పువలన పుట్టునవి వేరు. వీనిని గుర్తించుట మనకు మరింత సులువు. దోసె పెనము మీద మాడుటకును, పల్లీ మంగలములో మాడుటకును ఉన్న సూత్రమే ఇందును. డ్రమ్ము ముందుగా మితిమీరి కాగియున్నప్పుడు గింజలు పోసినచో, చదునైన ముఖము లోహమునకు అంటుకొని అచ్చట నల్లని మచ్చ పడును. వీపున మచ్చ లేక ముఖమున మాత్రమే యున్నచో కాగిన లోహమే కారణమని రూఢిగా చెప్పవచ్చును. గింజ కొన, అనగా మొలక యుండు చోటు, మాత్రమే నల్లబడినచో వేడి అతివేగముగా పెరిగినదని అర్థము. ఆ కొన పలుచన, మొదట మాడును. ఈ రెంటివలన కాఫీకి పొగవాసనయు, బూడిదచేదును కలుగును.

గింజ వీపుపై గుండ్రని చిన్న గుంటలు, చిన్న పెంకు ఊడిపోయినట్లు, కనిపించుట మరియొకటి. ఇది పురుగు పని యని పలువురు భ్రమపడుదురు. పురుగు రంధ్రము సన్ననై లోతుగా నుండును; ఈ గుంట వెడల్పై నిస్సారముగా, పావలా పరచి తీసినట్లుండును. రెండవ చిటపట సమయమున లోపలి వాయువు ఒత్తిడికి పెంకు ఎగిరిపోగా నేర్పడునది ఇది. ఎగిరిన ఆ బిళ్లలు సంచి అడుగున దొరకును. గుంటలు కొద్దిగా నున్న ముదురుగా వేపుటలో సహజమే. హెచ్చుగా నున్నచో తొందరపడి వేపిరని గ్రహింపవలెను.

వేగనిగింజను రంగును బట్టి మాత్రమే నిర్ణయింపరాదు. పైన చక్కని గోధుమరంగు, లోపల పచ్చితనము ఉన్న గింజలు కలవు. ఒకదానిని విరిచి చూడవలెను. లోపలిరంగు పైరంగుకు దగ్గరగా నున్న మంచిది. లోపల మిక్కిలి లేతగా, పైన ముదురుగా నున్న నిప్పు పైపైన తాకినదని అర్థము. ముడుతలు విడక, గట్టిగా, పండ్లతో కొరికిన సాగునట్లుండుట కూడ ఇదే లక్షణము. ఇట్టి కాఫీ పచ్చిశెనగల వాసన కొట్టును, పులుపు నాలుక నంటును. దీనికి విరుద్ధమైనది సన్ననిమంటపై ఎంతోసేపు వేపిన గింజ. చూచుటకు ఏ మచ్చయు లేదు. కాంతి మాత్రము కొంచెము తక్కువ. త్రాగిన ఏ రుచియు లేదు. ఈ దోషము కంటికి దొరకదు, నాలుకకే దొరకును.

నూనె సంగతి మన ప్రాంతపు స్త్రీలకు చెప్పుట కొంత సాహసమే. ఆముదపుగింజలను వేయించి, దంచి, నీట కాచి వంటాముదము తీసిన యిండ్లు మన జిల్లాలలో ఎన్ని లేవు! గింజ వేగినకొలది నూనె పైకి వచ్చుట వారు చూచినదే. కాఫీగింజయు అట్లే. నల్లగా ముదుర వేయించిన గింజపై నూనె మెరయుట దోషము కాదు, ఆ వేపుడు స్వభావమది. లేతగానో మధ్యరకముగానో వేగిన గింజపై నూనెచుక్కలు కనిపించినచో మాత్రము అనుమానింపవలెను. అది పాతబడిన సరకు, లేక వేడిచోట నిలువయున్నది. పాత నూనెకు కమటువాసన తప్పక యుండును. మన వేసవిలో ఈ దోషము త్వరగా వచ్చును కనుక, కాఫీగింజలను పొయ్యి ప్రక్క గూటిలో నుంచరాదు.

దోషములని తోచి దోషములు కానివి కొన్ని కలవు. కాయలో రెండు గింజలకు బదులు ఒకటియే పెరిగినప్పుడు అది బఠాణీవలె గుండ్రనగును. దానిని పీబెర్రీ యని వేరుచేసి హెచ్చు ధరకే అమ్ముదురు. నడుమగీతలో లేతరంగు పొర మిగిలియుండుట కడిగి ఆరబెట్టిన గింజలలో సామాన్యము. అది సన్ననిపొట్టు మాత్రమే. అరబికా గింజ కోలగా, రొబస్టా గింజ గుండ్రముగా నుండును. రెండును కలిపి అమ్ము సంచిలో రెండు ఆకారములు, రెండు రంగులు కనిపించుట తప్పు కాదు. పడమటి తీరమున వానకాలపు గాలికి గింజలను పరచి ఉబ్బించు మాన్సూన్డ్ మలబారు అను రకమొకటి కలదు. దాని పచ్చిగింజ పాలిపోయి ఉబ్బియుండును. చూచి చెడినదని పారవేసిన నష్టము మనదే.

మేము ఇటీవల నల్లగొండలో ఒక మిత్రురాలి యింట నలుగురము కూర్చుండి ఒక అంగడినుండి తెచ్చిన పావుకిలో సంచిని ఈ విధముగా పరచి చూచితిమి. కాఫీ ఎన్నడును త్రాగని ఆ యింటి పెద్దమ్మ అందరికంటె ముందుగా పాలిపోయిన గింజలను ఏరి కుప్ప పెట్టినది. “ఇవి తాలు పల్లీల లెక్కనే ఉన్నయి బిడ్డా, ఏగలే” అని ఆమె చెప్పిన దానికంటె చక్కని నిర్వచనము మే మెచ్చటను చదువలేదు. ఆ నాలుగు కుప్పలను వేరువేరు పొట్లములుగా కట్టి మిత్రురాలు అంగడికి పంపినది. అంగడివాడు మొదట నవ్వినను, పొట్లములు విప్పి చూచిన పిమ్మట మరియొక సంచి యిచ్చినాడట. పొడి కొనియున్నచో ఆమె ఏమి చూపగలిగెడిది?

పొడిని గూర్చియు కొంచెము చెప్పక తప్పదు, పొడి కొనువారే హెచ్చు గనుక. కాఫీలో చికోరి కలుపుట మన దేశమున చట్టవిరుద్ధము కాదు. అయితే ఆ మిశ్రమమున కాఫీ 51 శాతమునకు తగ్గరాదు. ఏది యెంతయో పొట్లముపై వ్రాయవలెను. పావుకిలో కొని, అందు సుమారు సగము వేరు చేరియున్నదని చదువక పోవుట మన అశ్రద్ధ. చెప్పక కలుపుట మాత్రము మోసము. గ్లాసెడు చల్లని నీటిపై చిటికెడు పొడి చల్లినచో కాఫీపొడి కొంతసేపు తేలును. చికోరి వెంటనే మునుగుచు గోధుమరంగు చారలు విడుచును. చింతగింజలు, ఖర్జూరపు గింజలు వేయించి పొడిచేసి కలుపుటయు మోసగాండ్రు చేసినదే. చింతచెట్ల నీడన బ్రదుకు మనకు చింతగింజ వేపుడువాసన క్రొత్త కాదు. కాని పొడిలో పడిన పాలిపోయిన గింజను, పులిసిన గింజను, పురుగుగింజను ఏ గ్లాసుడు నీరును చూపలేదు. అవియును కాఫీగింజలే గదా!

కంటికి దొరకని దోషములు గింజలలోను లేకపోలేదు. ఆఫ్రికాలోని రువాండా, బురుండి దేశములలో ఒక్కొక్క గింజకు పచ్చి ఆలుగడ్డ వాసన పట్టును. పొడిచేయువరకు దాని జాడ తెలియదు. అందుచే ఆ దేశపు కాఫీని పొడిచేయునప్పుడు కొద్దికొద్దిగా మరపట్టి వాసన చూచుట వాడుక. మన కాఫీకి ఆ బాధ లేదు గాని, ఒక్కొక్క పూటకు కావలసినంత మాత్రమే పొడిచేయు అలవాటు ఇందును మంచిదే. వేయించిన గింజ గాలితగులని డబ్బాలో ఇంచుమించు ఒక నెల వాసన నిలుపుకొనును. పొడి కొద్దిదినములలోనే చప్పనగును. సంచిపై వేయించిన తేది యున్నదా యని చూడవలెను. కొనవలసిన గడువు మాత్రమే వ్రాసి, వేపిన తేది వ్రాయని సంచి మంచిదో చెడ్డదో చెప్పుటకు ఆధారము లేదు.

ఏరుటలో మితము కూడ అవసరము. విరిగిన ముక్కలు, పొట్టు, చిన్నగుంటలు, రంగులో స్వల్పభేదములు ఇవన్నియు ఏరుచు కూర్చున్నచో కాఫీ త్రాగు వేళ దాటిపోవును. పాలిపోయినవి, బొగ్గునల్లనివి, పురుగుతొలిచినవి, దుర్వాసన కొట్టునవి, ఈ నాలుగు తప్పక తీయవలెను. మచ్చపడినవి తక్కువగా నున్న వదలివేయవచ్చును. రాయి, పుల్ల కనిపించిన మర బ్లేడు విరుగునని గుర్తుంచుకొని మొదట వానినే తీయవలెను. ఏరివేసిన గింజలను పశువుల కుడితిలో వేయరాదు. అందలి కెఫీన్ వానికి మంచిది కాదు. దంచి తులసికోటకు దూరముగా, పెరటి ఎరువుగుంటలో కలిపినచో ఫిల్టరులోని పిప్పితోపాటు అదియు మట్టిలో కలిసిపోవును.